తడి ఇసక

ఉత్తరం నుంచి గాలి.

తెల్లవారక ముందే మొదలవుతుంది. తాటాకు కప్పుల్ని ఒక్కొక్కటే తట్టి చూస్తుంది... ఆరబెట్టిన వలల మీదుగా, పొయ్యిల్లో బూడిద మీదుగా వచ్చి, మా చిన్న గుడి తలుపు సందులోంచి దూరి, బలిపీఠం మీది గుడ్డను కదిలిస్తుంది. నోరు తెరిస్తే ఉప్పు. మూసుకుంటే పళ్ళ మధ్య ఇసక.

మిట్టకుప్పం అంటే ఇంతే. ముందు సముద్రం. వెనక పులికాటు సరస్సు. మధ్యలో ఒక ఇసక మిట్ట. మిట్ట మీద నలభై గుడిసెలు. నలభై గుడిసెలకూ ఒక గుడి. గుడికి ఒక ఉపదేశి.

ఆ ఉపదేశిని నేను. రాజారత్నం నా పేరు. పేరు ఘనమైనదే... మనిషి సంగతి చెప్పుకోవాలనే ఇది.

మా విచారణ పెద్దది. సరస్సు చుట్టూ పదకొండు ఊళ్ళ క్రైస్తవులకు ఒకే గురువు. ఆయన సరస్సు అవతల ఉంటారు. రెండు నెలలకొకసారి పడవలో వస్తారు, పూజ చేస్తారు, పాపాలు వింటారు, వెళ్ళిపోతారు. మిగిలిన రోజులన్నీ నావే. గంట నేనే కొడతాను. జపం నేనే చెప్పిస్తాను. పుట్టిన బిడ్డ బతికేలా లేకపోతే తల మీద నీళ్ళు నేనే పోస్తాను. పోయినవాళ్ళను మట్టికి నేనే అప్పగిస్తాను. కుప్పమంతా నన్ను అయ్యోరు అంటుంది. ఆ పిలుపు వింటే అప్పట్లో నా నడుం దానంతట అదే నిటారుగా అయ్యేది.

మా తీరంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు. సముద్రం తెచ్చి పడేసింది ఏదైనా సరే — దుంగ, పీపా, విరిగిన పడవ చెక్క — తడి ఇసక మీద ఉన్నంతసేపూ అది సముద్రానిదే. పొడి ఇసకను తాకిందంటే ఆ ఊరిది.

దుంగల వరకు ఆ కట్టుబాటు బాగానే ఉంటుంది.

మనుషులకు కూడా అదే.

యుద్ధం వచ్చిన నాలుగో ఏడు అది. బాంబులు పడతాయని మద్రాసు జనం రైళ్ళెక్కి పారిపోయి, ఏవీ పడకపోయేసరికి మెల్లగా తిరిగి వచ్చిన మరుసటి ఏడు. రేణిగుంట జంక్షనులో సిపాయిల బండ్లు పోనిస్తే తప్ప మన బండి కదలదని చెప్పుకునేవారు. సముద్రం మీద ఏ ఓడ ఎక్కడ మునిగిందో మాకు ఎవరు చెబుతారు? ఎప్పుడైనా నల్లటి నూనె తెట్టు కట్టి ఒడ్డుకు వచ్చేది. అప్పుడు తెలిసేది.

క్రిస్మస్ వెళ్ళి రెండు వారాలు. గురువారం. అప్పుడే పొద్దు పొడుస్తోంది.

ఎల్లప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అయ్యోరా, బిరీన రాండి. ఒడ్డున పీనుగుండాది."

పీనుగ అన్న మాట అతని నోట్లోంచి వచ్చిన తీరు నాకు ఇంకా గుర్తే. జాలి కాదు అది. భయం.

రెండేళ్ళ కిందట ఇలాగే ఒక శవం వచ్చింది. పొడి ఇసక మీదికే వచ్చింది. మావాళ్ళు మర్యాదగా తాలూకాకు కబురు పెట్టారు. కబురు మోసినవాడు ఈ ఎల్లప్పే. ఎవరు చంపార్రా అని స్టేషనులో నాలుగు రోజులు కూర్చోబెట్టి అడిగారు. అడిగిన తీరుకు అతని కుడిచేతి రెండు వేళ్ళు ఈనాటికీ ముడుచుకోవు. ఆ నాలుగు రోజులూ కుప్పంలో ఒక్క పడవ నీళ్ళలోకి దిగలేదు. శవాన్ని మంచం మీద పెట్టి మావాళ్ళే ఆసుపత్రికి మోశారు. మళ్ళీ మావాళ్ళే మోసుకొచ్చి పూడ్చారు. పిల్లలు గంజినీళ్ళు తాగి పడుకున్నారు.

ఇదంతా సాకు కాదు.

సాకే కావచ్చు.

నేను వెళ్ళేసరికి మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు. దగ్గరికి పోకుండా, దూరంగా, అర్ధచంద్రంలా నిలబడి ఉన్నారు. గాలి వాళ్ళ పంచెల్ని కొడుతూ ఉంది.

బోర్లా పడి ఉన్నాడు. నడుం దాకా అలలో. నడుం పైన తడి ఇసకలో. నల్లటి నిక్కరు తప్ప ఒంటి మీద ఏమీ లేదు. నీళ్ళలో చాలా రోజులే ఉన్నట్టుంది, చేపలు ముఖాన్ని మిగల్చలేదు. ఒక చెయ్యి ముందుకు చాచి ఉంది. గడప దాకా వచ్చి పడిపోయినవాడిలా.

కుప్పం పెద్ద ప్రేమానందం చుట్ట వెలిగించాడు. గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించలేదు.

"పొడి తాకలేదు గదా," అన్నాడు.

నా వైపు తిరిగాడు.

"తాకిందా, లేదా... అయ్యోరే సెప్పాల. సదువుకున్నోడు. గుడి మనిషి. ఆయనేం సెప్తే అదే."

నేను ముందుకు నడిచాను. వంగాను.

చాచిన చేతి వేళ్ళు — మూడు వేళ్ళు — అల గీసిన గీతకు ఇవతల ఉన్నాయి. తెల్లటి, పొడి ఇసకలో. గాలికి ఆ ఇసక గోళ్ళ మీదుగా సన్నగా జారుతోంది.

మూడు వేళ్ళు.

నేనొక్కణ్ణే వంగాను. కాబట్టి నేనొక్కణ్ణే చూశాను.

లేచి నిలబడ్డాను. చేతులు పంచెకు తుడుచుకున్నాను. ఇంకా ఏమీ ముట్టుకోలేదు, అయినా తుడుచుకున్నాను. ఎల్లప్ప తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తడి," అన్నాను.

ఒక్క మాట. ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఎన్ని మాటలు చెప్పానో... వాటిలో ఒక్కటీ ఇంత తొందరగా అమలు కాలేదు.

గడలు తెచ్చారు. పడవలు నెట్టే వెదురు గడలు. నేనూ ఒకటి పట్టుకున్నాను. పట్టుకోకపోతే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కానీ మాట నాదైనప్పుడు చెయ్యి కూడా నాదే కావాలనిపించింది. అదొక న్యాయం అనుకున్నాను కాబోలు. ఎంత తెలివిమాలిన న్యాయం!

గడ కొస ఒంటికి తగిలినప్పుడు వచ్చే మెత్తదనం చేతుల దాకా వస్తుంది. ఆ సంగతి నాకు అంతకు ముందు తెలియదు.

మొదటి అల దాటింది. రెండో అల దగ్గర అతను వెల్లకిలా తిరిగాడు. మెడలో గోధుమరంగు దారం. దారానికి చిన్న గుడ్డముక్క, వేలెడంత.

ఉత్తరీయం. మరియతల్లి పేరు మీద గురువు మంత్రించి మెడలో వేసేది. మా కుప్పంలో అందరి మెడల్లోనూ ఉంటుంది. అప్పుడు నా చొక్కా కింద కూడా ఉంది, చెమటకు తడిసి, రొమ్ముకు అంటుకుని.

ఆగండి, అనాలి.

అనలేదు.

మూడో అల అతన్ని తీసుకుంది. ఆ నెలల్లో మా దగ్గర నీళ్ళు దక్షిణానికి నడుస్తాయి. దక్షిణాన రెండు కోసుల దూరంలో, ఏరు సముద్రంలో కలిసే చోట, మొగకుప్పం ఉంది. గంగమ్మను కొలుచుకునేవాళ్ళు వాళ్ళు. మా విచారణలోని వాళ్ళు కారు. అతను ఎటు పోతున్నాడో, ఎవరి ఒడ్డుకు చేరతాడో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఎవరూ మొగకుప్పం పేరెత్తలేదు.

"పదండబ్బా, పనులు సూసుకుందాం," అన్నాడు ప్రేమానందం.

ఇంటికి వచ్చాను. నా భార్య తాయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం కొట్టుకొచ్చిందంట?"

"దుంగ," అన్నాను.

"దుంగను సూసేదానికి కుప్పంలో మగోళ్ళంతా పోయినారా?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు మళ్ళీ నాతో మాట్లాడలేదు.

మర్నాటి నుంచి దక్షిణాన తెరచాపలు కనిపించలేదు.

మామూలుగా పొద్దున్నే కనిపిస్తాయి... నీళ్ళ అంచున, మొగకుప్పం తెరచాపలు, పదో పన్నెండో. శుక్రవారం ఒక్కటీ లేదు. శనివారం లేదు. ఆదివారం లేదు. సోమవారం కూడా లేదు. మావాళ్ళు వలలు దులుపుతూ అటు చూసేవారు. చూసి, చూడనట్టు తల తిప్పుకునేవారు. గాలిని గురించి మాట్లాడుకునేవారు. చేపల్ని గురించి మాట్లాడుకునేవారు.

అంత ఎక్కువగా వాళ్ళు మాట్లాడుకోవడం నేను ఎప్పుడూ వినలేదు.

మధ్యలో ఆదివారం వచ్చింది. గురువు లేని ఆదివారాల్లో జపం అయ్యాక ఆడవాళ్ళకు, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పిస్తాను. ఎల్లప్ప పెళ్ళాం సిద్ధమ్మది పెద్ద గొంతు. ఆమె ముందు అంటుంది, మిగతావాళ్ళు వెనక అందుకుంటారు. ఆ వారం పాఠం ఏడు కారుణ్యక్రియలు. నేను ఎంచుకున్నది కాదు, వరసలో వచ్చింది.

ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం.

దప్పిగొన్నవారికి నీళ్ళివ్వడం.

బట్ట లేనివారికి బట్ట, నీడ లేనివారికి నీడ. రోగులను చూడబోవడం. చెరలో ఉన్నవారిని పలకరించడం...

గొంతులు గాలిలో కలిసి వస్తున్నాయి. ఆరు క్రియలు అయ్యాయి. నేను లేచి గంట తాడు పట్టుకున్నాను.

"అయ్యోరా, ఇంకోటుండాది గదా," అంది సిద్ధమ్మ. "సచ్చినోళ్ళను —"

అంటూ అంటూ ఆగిపోయింది. నా ముఖం చూసి ఆగిపోయింది. తర్వాత తన ఒళ్ళో చేతుల్ని చూసుకుంది. ఆమె మగడూ గడ పట్టినవాడే.

"వచ్చే వారం," అన్నాను.

గంట కొట్టాను. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. పాఠం చెప్పేవాడే పాఠం దగ్గర నోరు మూసుకుంటే ఆ గుడిలో ఇంక ఏముంటుంది... గాలి తప్ప?

ఆ పై ఆదివారం గురువు వచ్చారు. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి అందరికంటే ముందు నేనే మోకరించాను. ఆయన చెవి నా నోటికి జానెడు దూరంలో ఉంది. చెప్పడానికి అంతకంటే దగ్గరి చోటు లోకంలో లేదు.

"మరణించిన ఒకరికి చేయవలసింది చేయలేదు స్వామీ," అన్నాను.

ఎవరో ముసలివాళ్ళ పేరున చెప్పాల్సిన జపం మరిచిపోయాననుకున్నారు ఆయన. నాలాంటి వాడి మీద ఇంకేమని అనుమానిస్తారు? ఒక జపమాల చెప్పుకోమన్నారు. తల మీద చెయ్యి పెట్టారు. బయటికి వచ్చి ఆ జపమాల చెప్పుకున్నాను కూడా — పూస పూసకూ అబద్ధం తిప్పుకుంటూ. ఎదురుగా దక్షిణాన తెరచాపలు మళ్ళీ కనిపిస్తున్నాయి. లెక్కపెట్టడానికి ధైర్యం చాలలేదు.

మంగళవారం పొద్దున తిరుమలయ్య వచ్చాడు.

మొగకుప్పం పెద్ద ఆయన. అరవై దాటిన మనిషి. ఒడ్డు వెంట రెండు కోసులు ఒక్కడే నడిచి వచ్చాడు. దూరం నుంచి నేను గుర్తుపట్టలేదు. ఆయనకు తెల్లటి పెద్ద జుట్టు ఉండేది, ముడివేసుకునేవాడు. ఇప్పుడు నున్నటి గుండు. మీసం కూడా లేదు.

కొడుకులున్న మనిషి. మనవలున్న మనిషి.

"ఎవరు పోయినారన్నా?" అన్నాను ఎదురెళ్ళి.

"ఎవురో," అన్నాడు. "నాకూ తెలీదు."

గుడి నీడన కూర్చున్నాడు. తాయమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాడు. చెవి కింద ఒక దెబ్బ, పచ్చబడి, మానుతూ ఉంది.

"పోయిన పైవారం, శుక్రారం తెల్లార్తో మా ఒడ్డుకొచ్చినాడు. తడి ఇసకలోనే ఉన్నాడు. మావోళ్ళు నెట్టేద్దామనే అన్నారు. నేనే కాళ్ళు పట్టి పొడి ఇసక మీదికి ఈడ్సుకున్నా."

"ఎందుకన్నా?"

అడగకూడని మాట. నోరు జారింది.

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అంతకు ముందు ఎవరూ అడగనట్టు.

"ఎన్ని ఊర్లని తిరగతాడబ్బా, పాపం... అలిసిపోయినాడనిపిచ్చింది."

తాయమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"స్టేషనోళ్ళు వచ్చినారా?"

"వచ్చినారు. వాళ్ళ పని వాళ్ళు సేసుకున్నారు." చెవి కింద చెయ్యి పోనిచ్చి తీసేశాడు. "ఆ తిరుగుడుతోనే సరిపాయె. లేకుంటే ముందే వచ్చి సెప్పేవాణ్ణి. మెడలో మీవోళ్ళ గుడ్డముక్క ఉండాది అయ్యోరా. మీ మనిషే. మీ మంత్రాలు మాకు రావు. గంగమ్మ పాటొకటి పాడి పూడ్సినాం. కొడుకు తావున ఎవురో ఒకరుండాల గదా, నేనే గుండు గీయించుకున్నా. ఎల్లుండి దినం. నువ్వొచ్చి మీ మాటలు నాలుగు సెప్పల్ల." ఆగి, ఇంకా నెమ్మదిగా అన్నాడు. "మేం సేసిందాంట్లో తప్పుంటే మన్నించు."

మన్నించు.

నన్ను అడిగాడు ఆ మాట. భూమి తెరుచుకుంటే బాగుండును అంటారు గానీ, మా నేల ఇసక. అది తెరుచుకోదు, పాదాల కింద కొంచెం కొంచెంగా జారుతుంది, అంతే.

"తప్పేం లేదన్నా," అన్నాను.

ఆయన లేచి ఒడ్డు వెంట వెళ్ళిపోయాడు. గాలి ఆయన వీపును తోస్తూ ఉంది.

గురువారం గంట కొట్టాను. అందరూ గుడి ముందుకు వచ్చారు. మొగకుప్పంలో దినం, మనల్ని పిలిచినారు, అన్నాను. ఎవరిదని ఒక్కరూ అడగలేదు. నలభై ఇళ్ళ వాళ్ళూ బయల్దేరారు. ఎల్లప్ప అందరికంటే వెనక, ముడుచుకోని వేళ్ళను పంచెలో దాచుకుని నడిచాడు. రెండు కోసులు. పిల్లలు కూడా.

ఊరికి ఎగువన, పోటు నీళ్ళు అందని చోట పూడ్చారు. విరిగిన తెడ్డు రెండు ముక్కలు చేసి, వల తాడుతో కట్టి శిలువ నాటారు. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. శిలువకు బొట్టు చూడడం నాకు అదే మొదలు. ఇంకోనాడైతే తుడిపించేవాణ్ణి. ఉపదేశిని కదా.

మొగకుప్పం ఆడవాళ్ళు అతని కోసం ఏడ్చారు. పేరు తెలియదు కాబట్టి "కొడుకా" అని ఏడ్చారు.

మా ఆడవాళ్ళు చెంగులు నోళ్ళకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఏడవడానికి కూడా మాకు ముఖం లేదు.

ఆ మెడలో ఉత్తరీయం లేకపోయి ఉంటే... ఎవరో దారినపోయేవాడై ఉంటే, నాకింత సిగ్గు ఉండేదా? తిరుమలయ్య మెడ చూసి ఈడ్చలేదు, కాళ్ళు పట్టి ఈడ్చాడు. ఈ ఆలోచన ఆ రోజు నాకు అక్కడే, ఆ దిబ్బ ముందే వచ్చింది. వచ్చింది, ఇప్పటికీ వదల్లేదు.

తిరుమలయ్య నా పక్కన నిలబడ్డాడు.

"వీపున, పక్కల్లో పొడిసినట్టు గుర్తులుండాయి," అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. "యాడనో రాళ్ళకు తగిలినట్టుండాడు."

నేను ఆయన్ని చూశాను. ఆయన సముద్రాన్ని చూస్తున్నాడు.

మా తీరంలో రాళ్ళు లేవు. ఎంత దూరం పోయినా ఇసకే. అరవై ఏళ్ళు ఈ నీళ్ళలోనే బతికిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాలా?

"అన్నా... ఆ గురువారం మా ఒడ్డున —"

"ఎండ ముదరతా ఉండాది అయ్యోరా," అన్నాడు. "ప్రార్థన కానీండి."

నన్ను కాపాడాడో, శిక్ష వేశాడో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

పుస్తకం తెరిచాను. గాలికి పుటలు నిలవలేదు. నోటికి వచ్చినవే చెప్పాను. ముప్పై ఏళ్ళుగా చెబుతున్నవి. నా గొంతు ఎప్పటిలాగే ఖంగున పలికింది. వణకలేదు. వణికి ఉంటే బాగుండేది. మొగకుప్పం వాళ్ళు చేతులు జోడించి, అర్థం కాని ఆ మాటల్ని తలలు వంచుకుని విన్నారు. మంచి మాటలు చెప్పావయ్యా అన్నట్టు ఒక ముసలామె నా చెయ్యి తడిమింది.

తర్వాత భోజనాలు.

వరసగా కూర్చోబెట్టి ఆకులు వేశారు. ముందు మాకే. చనిపోయినవాడి తాలూకు మనుషులం కదా. పడవలు దించని రోజుల తర్వాత వాళ్ళ ఇళ్ళలో ఏం మిగిలిందో నాకు తెలుసు, అది ఎలా ఉంటుందో మాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా వేడి సంగటి పెట్టారు. చేపల పులుసు పోశారు. మావాళ్ళు ఆకుల ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ప్రేమానందం నన్ను చూశాడు. ఎల్లప్ప నన్ను చూశాడు. అందరూ, ఆ రోజు ఒడ్డున చూసినట్టే, నేనేం చేస్తానా అని చూశారు.

లేవాలి. లేచి నిలబడి, ఇంతమందిలో, నేను చూసిన మూడు వేళ్ళ సంగతి చెప్పాలి. చెప్పి, ఆ ముద్ద తినే అర్హత మాకు లేదనాలి.

రెండు కోసులు నడిచాం. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పులుసు వాసన వస్తోంది.

సంగటి తుంచి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకున్నాను.

బాగుంది. చాలా బాగుంది.

నా వెనకే అందరూ తినడం మొదలుపెట్టారు. ఎవరూ తలెత్తలేదు. గాలి, నమిలే చప్పుడు... అంతే.

తిరుమలయ్య తానే వడ్డిస్తూ వచ్చాడు. గుండు మీద చెమట మెరుస్తోంది. నా ముందు వంగి, గంపలోంచి ఒక ముద్ద తీసి పట్టుకున్నాడు.

"ఇంకొంచెం పెట్టేదా, అయ్యోరా?"

వద్దనాలి.

ఆకు ముందుకు జరిపాను.